గణితానికి డ్యాష్‌బోర్డు కావాలా, దిద్దిన పేపర్ల కట్ట చాలా?

−7 − (−3) ఎంత? తొమ్మిదో తరగతి తెరిచిన రెండు వారాల్లో ఈ ఒక్క ప్రశ్న పెట్టి చూడండి. 38 మందిలో 21 మంది −4 అని సరిగ్గా రాశారనుకుందాం. మిగతా 17 మందికీ మార్కుల రిజిస్టరులో సున్నా పడుతుంది, అక్కడితో కథ ముగుస్తుంది. కానీ ఆ 17 మందీ చేసిన తప్పు ఒకటి కాదు. −10 రాసినవాడు రెండో మైనస్‌ను పట్టించుకోలేదు. 10 రాసిన అమ్మాయికి ‘మైనస్ మైనస్ ప్లస్’ అన్న పాట ఒక్కటే గుర్తుంది, అది ఎక్కడ పనికొస్తుందో తెలియక కనబడ్డ ప్రతి మైనస్‌కూ పాడేసింది. 4 రాసినవాడు తీసివేత బాగానే చేశాడు, చివర్లో గుర్తు ఏది పెట్టాలో తేలక వదిలేశాడు. ఈ ముగ్గురికీ ఒకే స్పెషల్ క్లాస్ పెట్టి ఒకే లెక్క పదిసార్లు చేయిస్తే ఎవరికీ ఏమీ ఒరగదు.

పిల్లలు రాసిన జవాబుల్లోంచి ఇలాంటి సంగతి బయటకి తీసి, దాన్నిబట్టి మర్నాటి పాఠం మార్చుకోవడాన్నే ఇప్పుడు లెర్నింగ్ అనలిటిక్స్ అంటున్నారు. ఈ పేరుతో మొదటి అంతర్జాతీయ సదస్సు 2011లో కెనడాలోని బాన్ఫ్‌లో జరిగింది. పేరు కొత్తదే కానీ, పేపర్లు దిద్దుతూ ‘అరే, అందరూ ఇక్కడే తప్పుతున్నారే’ అనుకున్న ప్రతి గణితం టీచరూ ఈ పని ఎంతోకొంత చేసినవారే. ఇప్పుడు దీన్ని చేసిపెడతామని, ఫలితాలన్నీ ఒకే తెరమీద రంగుల పట్టికగా చూపే డ్యాష్‌బోర్డులతో రకరకాల యాప్‌లు, ల్యాబ్‌లు, ట్యాబులు వస్తున్నాయి. ఏది తీసుకోవాలి అని అడిగే హైస్కూల్ టీచర్ల కోసం, హెచ్‌ఎంల కోసం రాస్తున్నాను. ఆరు నుంచి పది వరకు గణితం చెప్పే బడే నా లెక్కలో ఉంది. ఇంటర్, ఐఐటీ కోచింగ్‌ల అవసరాలు వేరు.

ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే. ఈ సాధనం ఇచ్చే సమాచారంతో రేపు పొద్దున మూడో పీరియడ్‌లో నేను చేసే పని ఏమైనా మారుతుందా? మారకపోతే అది ఎంత రంగులరంగులుగా ఉన్నా నాకు అక్కర్లేదు. దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. ఆ సమాచారం కోసం నేను ఎంత సమయం పెట్టాలి? వారానికి ముప్పై పీరియడ్లు చెప్పేవారికి రోజూ గంటసేపు డేటా ఎక్కించే ఓపిక ఉండదు. అంత ఓపిక అడిగే పద్ధతి దసరా సెలవులు దాటి బతకదు.

పేపరు, ఎక్సెల్ షీటు

ఖర్చు లేనిదీ, అందరూ తక్కువగా చూసేదీ ఇదే. నా ఓటు కూడా మొదట దీనికే. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే పాఠాల మధ్యలో పెట్టే పరీక్ష) అయినా, స్లిప్ టెస్ట్ అయినా దిద్దేటప్పుడు మార్కుతో పాటు తప్పుకి ఒక చిన్న అంకె వేయడం అలవాటు చేసుకోండి. 1 అంటే గుర్తు తప్పు, 2 అంటే కూడిక, గుణకారం లాంటి చోట లెక్క తప్పు, 3 అంటే సూత్రం తప్పు, 4 అంటే ప్రశ్నే అర్థం కాలేదు, 5 అంటే అసలు ముట్టుకోలేదు. ఐదుకి మించి పెట్టుకోవద్దు. నేను ఒకసారి పన్నెండు రకాలు పెట్టుకుని, రెండో కట్టకే ఏ అంకె దేనికో మరిచిపోయాను.

షీటులో అడ్డంగా ప్రశ్నలు, నిలువుగా రోల్ నంబర్లు. సరైతే 1, కాకపోతే 0. పక్కన ఇంకో షీటులో తప్పు అంకెలు. ఒక అంకె ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్ ఫార్ములా ఒక్కటి తెలిస్తే ప్రతి ప్రశ్నకు ఏ తప్పు ఎందరు చేశారో వచ్చేస్తుంది. అక్కడ ఆగిపోయినా మంచిదే. ఇంకొక్క అడుగు వేస్తే మాత్రం యాప్‌లు చూపించనివి కూడా కనిపిస్తాయి.

ఆ అడుగు జపాన్‌లో 1970లలో తకహిరో సాటో రూపొందించిన ఎస్-పి పట్టిక (ఎస్ అంటే స్టూడెంట్, పి అంటే ప్రాబ్లమ్). పేరు చూసి బెదరాల్సిన పని లేదు, రెండుసార్లు సార్ట్ కొట్టడమే. పిల్లలను మొత్తం మార్కుల వరుసలో పై నుంచి కిందికి పేర్చాలి. ప్రశ్నలను ఎక్కువమంది చేసిన దాని నుంచి తక్కువమంది చేసిన దాని వరకు ఎడమ నుంచి కుడికి పేర్చాలి. అప్పుడు ఒకట్లు చాలావరకు పైన ఎడమ మూలకి, సున్నాలు చాలావరకు కింద కుడి మూలకి చేరతాయి, మధ్యలో మెట్లలాంటి గీత కనబడుతుంది. చూడాల్సింది ఈ వరుసకి ఎదురు తిరిగిన గళ్ళను. ఒకట్ల మధ్యలో ఒంటరిగా ఒక సున్నా ఉందంటే, బాగా చేసే పిల్ల తేలిక ప్రశ్న తప్పిందన్నమాట. ఆ పాఠం రోజు ఆమె బడికి రాలేదేమో హాజరు పట్టీ చూడాలి, లేదా తొందరలో తప్పిందేమో పేపరు చూడాలి. సున్నాల మధ్య ఒంటరి ఒకటి ఉంటే పక్కవాడి పేపరు కూడా తీసి చూడండి. ఒక ప్రశ్న నిలువు వరుస మొత్తం చెల్లాచెదురుగా ఉంటే పిల్లల్ని అనకండి, ప్రశ్నలోనే తిరకాసు ఉంది.

ప్రశ్న మంచిదో కాదో తేల్చడానికి ఇంకో పాత పద్ధతి కూడా ఉంది. పై 27 శాతం, కింది 27 శాతం పిల్లల్ని తీసుకుని పోల్చడం. 40 మంది క్లాసులో అటు 11, ఇటు 11. పై పదకొండు మందిలో 9 మంది, కింది వారిలో 3 మంది సరిగ్గా చేస్తే తేడా 6, దాన్ని 11తో భాగిస్తే 0.55. ఆ ప్రశ్న వచ్చినవాళ్ళనూ రానివాళ్ళనూ బాగానే విడదీస్తోంది. సున్నాకి దగ్గరగా వస్తే ఆ ప్రశ్న వచ్చే ఏడు వాడకండి. మైనస్ వస్తే ముందు మీ ‘కీ’ సరిచూసుకోండి. నాకు రెండుసార్లు కీలోనే తప్పు దొరికింది.

దీని లోపం ఆలస్యం. పేపర్లు దిద్ది, ఎక్కించి, చూసేసరికి వారం గడుస్తుంది, పాఠం ముందుకి వెళ్ళిపోతుంది. అందుకే ప్రతి స్లిప్ టెస్టుకీ ఈ షీటు పని పెట్టుకోకండి. ఎఫ్‌ఏలకీ, ఎస్‌ఏలకీ (సమ్మేటివ్ అసెస్‌మెంట్, అంటే టర్మ్ చివరి పెద్ద పరీక్ష) చాలు.

ప్లికర్స్ కార్డులు

పిల్లల దగ్గర ఫోన్లు, ట్యాబులు లేని బడికి ఇంతకంటే తెలివైన పద్ధతి నేను చూడలేదు. ఒక్కో విద్యార్థికి ఒక నంబరున్న కాగితం కార్డు ఇస్తారు. దాని మీద నలుపు తెలుపు గళ్ళ బొమ్మ ఉంటుంది. కార్డును ఏ పక్కకి తిప్పి పట్టుకుంటే అది ఎ, బి, సి, డి లలో ఒక జవాబు. టీచరు తన ఫోన్ కెమెరాతో క్లాసు మీదుగా ఒకసారి తిప్పితే ఎవరు ఏ జవాబు ఇచ్చారో నమోదైపోతుంది. మామూలు సెట్టులో 40 కార్డులుంటాయి. బొమ్మలు ఒకదానికొకటి వేరు కాబట్టి పక్కవాడి కార్డు చూసి తిప్పడం కుదరదు. హాజరు యాప్ కోసం ఫోన్ ఎలాగూ మన చేతిలో ఉంటోంది, దానికి ఈ మంచి పని కూడా చెప్పొచ్చు.

కార్డులు నలగకుండా లామినేషన్ చేయిద్దామనిపిస్తుంది. మెరిసే రకం చేయించకండి, కిటికీ వెలుతురు పడి కెమెరాకి బొమ్మ అందదు. అట్ట మీద అతికిస్తే సరిపోతుంది.

దీని బలమంతా మీరు ఇచ్చే తప్పు జవాబుల్లో ఉంటుంది. పైన చెప్పిన ప్రశ్నకి −4, −10, 10, 4 అని ఇస్తే నాలుగు జవాబులూ మనకి ఏదో ఒకటి చెబుతాయి. అదే ప్రశ్నకి −4, 25, 0, 100 అని ఇస్తే స్కాన్ చేసి లాభం లేదు. 0.45, 0.6 లలో ఏది పెద్దది అన్నప్పుడు 45 పెద్దది కదా అనుకునే పిల్లలు, ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్‌లో 2ఎబి మరిచిపోయే పిల్లలు, 1/2, 1/3 కూడితే 2/5 అనే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. ఆ తప్పులనే ఆప్షన్లుగా పెట్టాలి. ఒక పీరియడ్‌కి రెండు ప్రశ్నలు, పాఠం మధ్యలో ఒకటి, చివర ఒకటి. ఐదు నిమిషాలు దాటనివ్వకండి.

ఇది ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. సరూప త్రిభుజాల నిరూపణ, సమీకరణాల రాత లెక్కలు, నిర్మాణాలు, అంటే అడుగులు చూడాల్సిన ఏ పనికైనా కార్డులు చాలవు. అక్కడ మళ్ళీ పేపరే.

గూగుల్ ఫారమ్స్

క్విజ్‌గా పెట్టి వాట్సాప్ గ్రూపులో లింకు వేయడం కరోనా రోజుల నుంచి అందరికీ అలవాటే. జవాబులు నేరుగా షీటులోకి చేరతాయి, ఎక్కువమంది తప్పిన ప్రశ్నలను అదే విడిగా చూపిస్తుంది. టీచరుకి శ్రమ తక్కువ. కానీ ఇంటి దగ్గర చేయించినప్పుడు ఆ జవాబు ఎవరిదో చెప్పలేం. ఫోన్ నాన్నది, నాన్న పని నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది, అన్నయ్య పక్కనే ఉంటాడు, మొదట చేసినవాడి స్క్రీన్‌షాట్ అప్పటికే గ్రూపులో తిరుగుతుంటుంది. అలా వచ్చిన 90 శాతాన్ని నమ్మి పాఠం ముందుకి తీసుకెళితే ఎస్‌ఏలో బయటపడుతుంది. కంప్యూటర్ ల్యాబ్‌లో మన కళ్ళముందు చేయిస్తేనే దీన్ని డేటా అనండి. చిన్న జవాబు ప్రశ్నలతో ఇంకో చిక్కు ఉంది. 1/2 అని పెట్టిన చోట పిల్ల 0.5 అని రాస్తే, మీరు ముందే చెప్పకపోతే, అది తప్పుగా పడుతుంది.

డెస్మోస్, జియోజీబ్రా

గ్రాఫులు, జ్యామితి చెప్పేటప్పుడు కంప్యూటర్ మీద నడిచే ఈ సాధనాలకు సాటి లేదు. జియోజీబ్రా క్లాస్‌రూమ్‌లో ఒక్కో పిల్ల తన తెరమీద బిందువులు కదుపుతుంటే టీచరుకి అందరి తెరలూ ఒకేచోట కనబడతాయి. డెస్మోస్ క్లాస్‌రూమ్ (ఇప్పుడు ఆంప్లిఫై క్లాస్‌రూమ్) యాక్టివిటీల్లో అందరినీ ఒక్క క్షణం ఆపవచ్చు, రెండు మూడు జవాబులు ఎంచి చర్చకి పెట్టవచ్చు, పేర్లు దాచి వాటి స్థానంలో గణిత శాస్త్రవేత్తల పేర్లు వచ్చేలా చేయవచ్చు. ఈ చివరిది చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది కానీ, తప్పు చేసిన పిల్ల తల దించుకోకుండా ఆ తప్పు గురించే క్లాసంతా మాట్లాడుకోవచ్చు.

రెండు చరరాశుల రేఖీయ సమీకరణాల పాఠానికి, నిరూపక జ్యామితికి ఇవి వాడండి. ఏడాదంతా నడిపే పద్ధతిగా పెట్టుకోకండి. ప్రతి ఇద్దరికీ ఒక కంప్యూటర్, నిలకడైన నెట్ ఉంటేనే పని జరుగుతుంది. ఉన్న ఒక్క కంప్యూటర్‌తో ప్రొజెక్టర్ మీద చూపిస్తే అది మంచి పాఠమే, కానీ అనలిటిక్స్ కాదు.

పిల్లను బట్టి మారే సాఫ్ట్‌వేర్లు

ఇక ఖరీదైన ప్రశ్న. పిల్ల ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారే సాఫ్ట్‌వేర్లు ఇవి. అహ్మదాబాద్‌కి చెందిన ఎడ్యుకేషనల్ ఇనిషియేటివ్స్ వారి మైండ్‌స్పార్క్ లాంటివి ఈ కోవలో ఉన్నాయి. ఖాన్ అకాడమీ పూర్తిగా ఉచితం, ఒక్కో నైపుణ్యంలో పిల్ల ఏ స్థాయిలో ఉందో టీచరుకి చూపిస్తుంది.

వీటి గురించి అమ్మేవాళ్ళు చెప్పేదాంట్లో ఒక నిజం ఉంది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ మీద మురళీధరన్, సింగ్, గనీమియన్ లాటరీ పద్ధతిలో 619 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. నాలుగున్నర నెలల్లో గణితంలో 0.37 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర మెరుగుదల కనిపించింది. మన పిల్లల చదువుల మీద జరిగిన పరిశోధనల్లో ఇది పెద్ద ఫలితమే. ఆ మెరుగుదల ఎలా వచ్చిందో కూడా చూడాలి. అక్కడి ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళని ఆరో తరగతి పుస్తకం దగ్గర కాక, వాళ్ళు ఆగిపోయిన చోట పట్టుకుంది. పైగా అది బడి అయ్యాక కేంద్రాల్లో, వారానికి ఆరు రోజులు, రోజుకి 90 నిమిషాలు నడిచింది. అందులో సగం సమయం కంప్యూటర్ ముందు, మిగతా సగం చిన్న గుంపుగా మనిషి దగ్గర.

ఇప్పుడు మన టైమ్‌టేబుల్ చూడండి. వారానికి ఒక ల్యాబ్ పీరియడ్, అందులో లాగిన్ అయ్యేసరికి పది నిమిషాలు, ఇద్దరికి ఒక మిషను. ఆ లెక్కన ఢిల్లీ ఫలితం ఇక్కడా వస్తుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. ట్యాబు చేతిలో ఉన్నా, రోజులో దానికంటూ ఒక గంట, పక్కన ఒక టీచరు లేకపోతే అది పాఠాలు చూసే తెర దగ్గరే ఆగిపోతుంది.

వెనకబాటు మాత్రం ఢిల్లీది ఒక్కటే కాదు. గ్రామాల్లో పిల్లల చదువుల స్థాయిని కొలిచే అసర్ సర్వే 2023లో చేసినప్పుడు 14 నుంచి 18 ఏళ్ళ గ్రామీణ పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 43.3 శాతమే. తొమ్మిదో తరగతి బహుపదుల డ్యాష్‌బోర్డు ఎర్రగా ఉందంటే రోగం బహుపదుల్లోనే ఉండకపోవచ్చు, ఐదో తరగతి భాగహారంలో ఉండొచ్చు. కింది తరగతుల నైపుణ్యాల వరకు వెనక్కి వెళ్ళి చూపించని సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టకండి. ఇంకో సంగతి కూడా ముందే హెచ్‌ఎంకి చెప్పి పెట్టుకోండి. నాలుగో తరగతి స్థాయి నుంచి ఆరో తరగతి స్థాయికి ఎదిగిన పిల్ల నిజంగా చాలా ఎదిగింది, కానీ ఆ ఎదుగుదల పదో తరగతి ప్రీఫైనల్ మార్కుల్లో కనబడకపోవచ్చు.

సాఫ్ట్‌వేర్ టీచరుకే ఎక్కువ పనికొచ్చే తీరు ఒకటి అమెరికాలో చూడొచ్చు. వోర్సెస్టర్ పాలిటెక్నిక్‌లో హెఫర్నన్ దంపతులు తయారుచేసిన అసిస్ట్‌మెంట్స్‌లో పిల్లలు హోంవర్క్ చేస్తారు. పొద్దున్నకల్లా టీచరుకి ఏ లెక్క ఎక్కువమంది తప్పారో, వాళ్ళలో ఎక్కువమంది రాసిన తప్పు జవాబు ఏమిటో చేతికందుతుంది. అక్కడి మెయిన్ (Maine) రాష్ట్రంలో ఏడో తరగతి పిల్లల మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో 0.18 ప్రామాణిక విచలనం మేర లాభం కనిపించింది, వెనకబడినవారికి ఎక్కువ మేలు జరిగింది. అంకె చిన్నదే. కానీ అక్కడ క్లాసు నడిపింది టీచరే, అసిస్ట్‌మెంట్స్ చేసింది చెవిలో ముక్క చెప్పడం వరకే. పేపరు, ఎక్సెల్ పద్ధతి నాకు నచ్చడానికి కారణం కూడా అదే.

ఏ డ్యాష్‌బోర్డులోనైనా నేను పట్టించుకోని గడులు రెండు. ఒకటి ‘గడిపిన సమయం’. తెర తెరిచి కిటికీలోంచి కబడ్డీ చూసినా అది సమయంగానే పడుతుంది. రెండోది ఐదు ప్రశ్నల మీద వేసిన శాతం. ఒక్క తొందరపాటు తప్పుతో 100 కాస్తా 80 అవుతుంది, దాన్ని చూసి తల్లిదండ్రుల సమావేశంలో ‘పడిపోయింది’ అంటే ఇంట్లో ఆ పిల్లకి లేనిపోని టెన్షన్. పిల్లల పేర్ల పక్కన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వేసి నోటీసు బోర్డు మీద అంటించే బడులనూ చూశాను. ‘సి బ్యాచ్’ అన్న పాత ముద్రకి అది కొత్త రంగు. ఆ పట్టిక స్టాఫ్ రూమ్ దాటకూడదు.

ఎవరికి ఏది

ల్యాబ్ సరిగా లేని జడ్పీ హైస్కూలుకైతే జూలైలో ఎఫ్‌ఏ-1 నుంచే పేపరు, తప్పు అంకెలు, ఎక్సెల్. వారానికి రెండుసార్లు ప్లికర్స్. ఇది ఫిబ్రవరిలో మొదలుపెట్టే పని కాదు. అప్పటికి స్లిప్ టెస్టుల హడావిడిలో ఎవరికీ తీరికుండదు, తప్పులు దిద్దడానికి రోజులూ మిగలవు.

గురుకులాలకు ఒక సౌలభ్యం ఉంది, సాయంత్రం స్టడీ అవర్. ల్యాబ్ పనిచేస్తుంటే పిల్లను బట్టి మారే సాఫ్ట్‌వేర్‌కి రోజూ సమయం నిజంగా దొరికే చోటు అదే. ఆరు, ఏడు తరగతులకు ముందు పెట్టండి. పదో తరగతికి కాదు.

ట్యాబులున్న ప్రైవేటు బడి అయితే ఫారమ్స్ క్లాసులోనే చేయించి, జ్యామితికి జియోజీబ్రా వాడితే డబ్బులు పెట్టకుండానే చాలా తెలుస్తుంది. పన్నెండు మంది ఉన్న సెక్షన్‌కి ఇవేవీ అక్కర్లేదు. నోట్సులు తిరగేస్తే చాలు, శాతాలు వేయడం కూడా అనవసరం.

డబ్బు పెట్టి ఏదైనా కొనేముందు డెమోకి వచ్చినవారిని రెండు మాటలు అడగండి. పిల్లల జవాబులన్నీ, సరైనవే కాదు, తప్పులు కూడా, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్సెల్ షీటుగా నాకు వస్తాయా? ఒప్పందం ముగిశాక ఆ డేటా ఏం చేస్తారు? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. విద్యాసంస్థలకు నియమాల్లో కొన్ని మినహాయింపులున్నాయి కానీ, అమ్మే కంపెనీకి అవన్నీ వర్తిస్తాయని వాళ్ళ నోటిమాటగా చెబితే నమ్మి సంతకం పెట్టకండి. మా ఊళ్ళో డెమోకి వచ్చిన ఒకాయన మొదటి ప్రశ్నకే ‘తప్పు జవాబులు మా సిస్టమ్‌లో సేవ్ కావు సార్, స్కోరు మాత్రమే’ అన్నాడు. టీ తాగించి పంపించేశాం.